పెళ్లి బడ్జెట్‌లో జారిపోయే ఖర్చులు: గంటల వారీగా లెక్క వేసుకునే పద్ధతి

పెళ్లి ఖర్చు రాయమంటే ఎవరైనా ఒకటే జాబితా రాస్తారు. బంగారం, బట్టలు, హాలు, భోజనాలు, డెకరేషన్, ఫొటోలు, పురోహితుడు. ఏడు పద్దులు, ఏడు అంకెలు, కింద ఒక గీత. ఆ ఏడు అంకెలూ పెద్దగా తప్పవు. ఒక్కోదానికీ ఒకరు రేటు చెబుతారు, బేరం నడుస్తుంది, ఇంట్లో పదిసార్లు మాటలు జరుగుతాయి. తప్పేదల్లా పద్దుకీ పద్దుకీ మధ్యనే. జనరేటర్ డీజిల్‌కీ, బస్సు డ్రైవర్ బత్తాకీ, మాంగల్యధారణ అయ్యాక ఒంటిగంట రాత్రి తాగే కాఫీలకీ ముందుగా రేటు చెప్పేవాళ్లుండరు. అవి ఎవరి పద్దులోనూ ఉండవు, కానీ ఎవరో ఒకరి జేబులోంచి పోతాయి.

అందుకే పద్దుల వారీ లెక్క ఒక్కటే చాలదు. దాని పక్కన గంటల వారీ లెక్క ఇంకొకటి ఉండాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో కాగితం గురించే. లెక్కకు వీలుగా ఒక పెళ్లి అనుకుందాం: హాలు ఖమ్మంలో, మగపెళ్లివారు గుంటూరు నుంచి వస్తారు, ముహూర్తం రాత్రి 11 గంటల 40 నిమిషాలకు, పిలుపులు 650 మందికి. కింద వేసిన రేట్లు లెక్క చూపించడానికే. మీ ఊరి రేట్లు వేసుకోండి, పద్ధతి మారదు. కట్నం ఈ లెక్కలో లేదు. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే.

1. గంటల కాగితం

ఒక పొడుగు పుస్తకం తీసుకుని పేజీకి ఆరు గడులు గీయండి: సమయం, చోటు, ఎంతమంది, ఏం కావాలి, ఎవరు పెట్టుకోవాలి, డబ్బు ఎవరి చేతి మీదుగా పోతుంది. పసుపు దంచే రోజు నుంచి పదహారు రోజుల పండగ దాకా రాయండి. రాసేటప్పుడు ప్రతి రెండు గంటలకూ ఆగి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఇప్పుడు ఎవరు తింటున్నారు? ఎవరు ప్రయాణంలో ఉన్నారు? ఎవరు ఎక్కడ పడుకున్నారు? ఎవరి చేతిలో ఏం పెట్టాలి?

పెళ్లిరోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉదయం 5 గంటలకు ఇంట్లో మంగళస్నానం; అప్పటికే వచ్చి ఉన్న చుట్టాలు ముప్పై మంది, వాళ్లకు కాఫీ, టిఫిను. 9 గంటలకు డెకరేషన్ వాళ్లు హాలుకొస్తారు. తాళం తీసే మనిషి కావాలి, వాళ్లకు మధ్యాహ్నం భోజనం కావాలి. 2 గంటలకు మేకప్ ఆమె వస్తుంది. అసిస్టెంటు ఉంటే ఆమెకూ తిండి, రానుపోను కారు. 4 గంటలకు మగపెళ్లివారి బస్సు విడిదికి చేరుతుంది. దిగగానే కాళ్లకు నీళ్లు, కాఫీ, పలహారం, సబ్బులు, తువ్వాళ్లు. విడిది గదుల్లో తువ్వాళ్లు ఉంటాయని అనుకుంటారు, పది గదులకు ఆరు ఉంటాయి. ఇలా రాసుకుంటూ పోతే అర్ధరాత్రి దాటేసరికి పేజీ నిండుతుంది. పద్దుల జాబితాలో కనిపించని వరసలు పాతిక ముప్పై ఇక్కడ బయటపడతాయి.

ఐదో గడి, అంటే ఎవరు పెట్టుకోవాలి అన్నది, అన్నిటికన్నా ముఖ్యం. చివరి నిమిషపు ఖర్చుల్లో చాలావరకు మరుపు వల్ల రావు. అది అవతలివాళ్లు చూసుకుంటారని రెండువైపులా అనుకోవడం వల్ల వస్తాయి. ఎదుర్కోలు బ్యాండు, విడిదిలో టిఫిను, మగపెళ్లివారి పురోహితుడి సంభావన, రిసెప్షన్ స్టేజీ, తిరుగు బస్సులో పొట్లాలు: ఈ ఐదింటి దగ్గరే ఎక్కువగా పేచీ వస్తుంది. తాంబూలాలు పుచ్చుకునే రోజునే అడిగేయండి. “బావగారూ, ఎదుర్కోలు బ్యాండు మీరు మాట్లాడుతున్నారా, మమ్మల్ని మాట్లాడమంటారా?” అని నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పెళ్లి రోజు సాయంత్రం అదే ప్రశ్న అడిగితే మాట పట్టింపు అవుతుంది.

2. ఎంతమంది వస్తారో ముందు తేల్చుకోండి

అన్ని ఖర్చులూ ఈ అంకె మీదే నిలబడతాయి, కానీ దీన్ని అందరూ నోటికొచ్చినట్టు చెబుతారు. పిలుపుల జాబితాను మూడు ముక్కలు చేయండి. తప్పకుండా వచ్చేవాళ్లు, వస్తే వస్తారు లేకపోతే లేదు అనే వాళ్లు, పిలవాలి కాబట్టి పిలిచేవాళ్లు. మొదటి ముక్కలో 90 శాతం, రెండో దానిలో సగం, మూడో దానిలో 20 శాతం వేసుకోండి. మన 650 మందిలో 300, 200, 150 ఉన్నారనుకుంటే 270, 100, 30 కలిపి 400 వస్తుంది. ఆదివారమైతే కొంచెం పెంచండి. అదే రోజు ఊళ్లో ముహూర్తాలు ఎక్కువుంటే కొంచెం తగ్గించండి. ఒక్కో కుటుంబం మూడు పెళ్లిళ్లకు పంచుకుని వెళుతుంది.

ఈ అంకె ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి. నాన్న క్యాటరింగ్‌కు 500 అని, బావమరిది తాంబూలం సంచులకు 700 అని, అమ్మ కుర్చీలకు 400 అని చెబితే మూడు చోట్లా డబ్బు పోతుంది.

3. హాలు: అద్దె కన్నా కింద ఉన్న వరసలు చూడండి

రెండు లక్షల హాలు రెండు లక్షలకు రాదు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ 36,000. ఏసీ హాల్లో కరెంటు చాలాచోట్ల మీటరు ప్రకారం విడిగా వసూలు చేస్తారు. 1,100 యూనిట్లు, యూనిట్‌కు 20 చొప్పున 22,000. క్లీనింగు 10,000. కరెంటు పోతే 125 కేవీఏ జనరేటర్ మంచి లోడు మీద గంటకు 20 లీటర్ల డీజిల్ దాకా తాగుతుంది. మూడు గంటలు నడిస్తే 60 లీటర్లు, దగ్గర దగ్గర 6,000. మొత్తం 2,74,000 అయింది. ఇక డ్యామేజీ డిపాజిట్ ఖర్చు కాదుగానీ, పెళ్లి వారమంతా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. కాబట్టి దాన్నీ నగదు లెక్కలో రాయాలి.

తాళాలు చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. హాలు మేనేజర్‌ను పక్కన పెట్టుకుని కరెంటు మీటరునూ, జనరేటర్ మీద ఉండే గంటల మీటరునూ ఫోన్‌లో ఫొటో తీయండి. హాలు అప్పగించేటప్పుడు మళ్లీ తీయండి. ముందు రోజు పెళ్లివాళ్లు వాడిన యూనిట్లు మీ బిల్లులో కలిసిపోవడం కొత్తేమీ కాదు, తెల్లవారుజామున నాలుగు గంటలకు దాని మీద వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. అలాగే కుర్చీలు, కుళాయిలు, బాత్‌రూమ్ అద్దాలు, స్టేజీ వెనక గోడ వీడియో తీసి పెట్టుకోండి. డిపాజిట్‌లో కోత పడేది సాధారణంగా గోడకు కొట్టిన మేకుల దగ్గర, నేల మీద పడ్డ మైనం దగ్గర.

అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి అడిగి కాగితం మీద రాయించుకోండి:

- అద్దె ఎన్ని గంటలకు, ఏ గంట నుంచి? రాత్రి ముహూర్తానికి ఇదే కీలకం. ఉదయం 6 నుంచి రాత్రి 12 దాకా అని ఉంటే, 11:40 ముహూర్తానికి తలంబ్రాలు, సప్తపది అన్నీ అదనపు గంటల్లో పడతాయి. గంటకు ఎంత తీసుకుంటారో ముందే తేల్చుకోవాలి.
- ముందు రోజు రాత్రి డెకరేషన్ కోసం హాలు ఇస్తారా? ముందు రోజు వేరే పెళ్లి ఉంటే పది గంటల పని ఐదు గంటల్లో చేయాలి. అప్పుడు డెకరేటర్ మనుషుల్ని రెట్టింపు తెస్తాడు, ఆ కూలి మీ మీదే వేస్తాడు.
- బయటి డెకరేటర్‌ను, బయటి క్యాటరింగ్‌ను రానిస్తారా? రానిస్తే హాలుకు ఏమైనా కట్టాలా?
- వంటశాలకు గ్యాస్, నీళ్ల ట్యాంకర్ ఎవరివి? ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటితే ట్యాంకర్లు తెప్పించాల్సిందే.
- ఇంట్లో అశుభం జరిగి మైల వచ్చి ముహూర్తం మారితే, అడ్వాన్సు కొత్త తేదీకి జమ అవుతుందా?

చివరి ప్రశ్న అడగడానికి చాలామందికి నోరు రాదు. అపశకునం అనుకుంటారు. పోనీ, బంధువుల్లో ఒకరితో అడిగించండి.

పాటల లైసెన్సు అంటూ కొన్ని హోటళ్లు ఒక మొత్తం అడుగుతాయి. కాపీరైట్ చట్టం 52(1)(జెడ్ఏ) సెక్షన్‌లో పెళ్లికి, పెళ్లి ఊరేగింపుకు, దాంతో ముడిపడిన వేడుకలకు మినహాయింపు ఉంది. ఇదే విషయం చెబుతూ 2023 జులైలో కేంద్రంలోని పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం (డీపీఐఐటీ) పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. అది ప్రింటు తీసుకుని వెళ్లండి. లౌడ్‌స్పీకర్‌కు మాత్రం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం ఉంది, కాబట్టి డీజేకు పన్నెండు దాకా డబ్బు కట్టి పదికే ఆపేసే బేరం పెట్టుకోకండి. మందు పెట్టే ఉద్దేశం ఉంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు పర్మిట్ తీసుకోవాలి. దాని ఫీజునూ రాసుకోండి.

4. భోజనాలు: విందు ఒకటి, వడ్డనలు ఐదు

క్యాటరర్ చెప్పిన రేటు రాత్రి విందుకు మాత్రమే. గంటల కాగితం చూస్తే మిగతావి తెలుస్తాయి. పొద్దున ఇంటి చుట్టాలకు టిఫిను, మధ్యాహ్నం చుట్టాలకూ పనివాళ్లకూ భోజనం, సాయంత్రం విడిదిలో పలహారం, ముహూర్తం అయ్యాక కాఫీ లేదా బాదంపాలు, మర్నాడు పొద్దున అప్పగింతల ముందు టిఫిను. రాత్రి ముహూర్తమైతే మర్నాటి టిఫినుకు కనీసం వందమంది ఉంటారు. ఇవన్నీ ఒకే క్యాటరర్‌తో కలిపి మాట్లాడితే తక్కువలో పోతుంది. విడిగా హోటల్ నుంచి తెప్పిస్తే దగ్గర దగ్గర రెట్టింపు.

పనిచేసేవాళ్ల భోజనం ఎవరూ లెక్కలో వేయరు. ఫొటో, వీడియో వాళ్లు 6, డెకరేషన్ 10, సన్నాయి మేళం 6, బ్యాండు 15, డ్రైవర్లు 12, మేకప్ 3, హాలు మనుషులు 8. మొత్తం 60 మంది. విందు ప్లేటు 550 అయితే 33,000. వీళ్లకోసం అన్నం, పప్పు, కూర, వేపుడు, పెరుగు, ఒక స్వీటుతో 250కి విడి మెనూ మాట్లాడండి, 15,000తో సరిపోతుంది. పైగా వాళ్లు రాత్రి తొమ్మిదిలోపే తినేస్తారు. విందు అయ్యేదాకా ఆగమంటే, ఫొటోగ్రాఫర్ జీలకర్ర బెల్లం వేళకు పంక్తిలో కూర్చుని ఉంటాడు.

ఇప్పుడు ప్లేట్ల లెక్క. అతిథులు 400, వాళ్ల మీద 15 శాతం అదనం 60, పనివాళ్లు 60. మొత్తం 520 మందికి బడ్జెట్ వేయండి, కానీ విందుకు గ్యారంటీ ఇచ్చే ప్లేట్లు 400 మించి రాయకండి. గ్యారంటీ అంటే జనం రాకపోయినా కట్టాల్సిందే. దాటిన ప్లేటుకు అదే రేటా, ఎక్కువా అన్నది ఒప్పందంలో ఉండాలి.

బఫేలో గొడవ వచ్చేది లెక్కించే తీరు దగ్గర. క్యాటరర్ ప్లేట్లు లెక్కబెడతాడు, మీరు మనుషుల్ని లెక్కబెడతారు. ఒక మనిషి బిర్యానీకి ఒక ప్లేటు, పెరుగన్నానికి ఇంకో ప్లేటు తీస్తాడు, పిల్లలైతే మూడు. ఐస్‌క్రీముకూ స్వీటుకూ చిన్న గిన్నెలు విడిగా పెట్టించి, పెద్ద ప్లేటునే లెక్కలోకి తీసుకోవాలని రాయించండి. వడ్డన మొదలయ్యే ముందు మీ మనిషి ఒకరు శుభ్రమైన ప్లేట్ల దొంతర్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసి, క్యాటరర్ సూపర్‌వైజర్‌తో సంతకం చేయించాలి. ముగిశాక మిగిలినవి లెక్కపెట్టి తీసేయాలి. మధ్యలో కడిగి మళ్లీ పెడితే ఈ లెక్క పనికిరాదు, కాబట్టి మళ్లీ పెట్టకూడదని ముందే చెప్పండి. ఈ పనికి ఇంట్లో పెళ్లి పనులేవీ లేని మనిషిని పెట్టండి. మేనమామను పెట్టకండి, సరిగ్గా ఆ సమయానికి ఆయన్ని బుట్ట ఎత్తుకు రమ్మని పిలుస్తారు.

నీళ్లు: ఎండాకాలంలో తలకు లీటరున్నర. 500 మందికి 750 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 38. చిన్న సీసాలు స్టేజీ దగ్గరా, విడిదిలో మాత్రమే పెట్టండి. హాలంతా పెడితే సగం తాగి వదిలేసిన సీసాలే కనిపిస్తాయి. క్యాటరింగ్ బిల్లు మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, పెద్ద హోటళ్లలో 18. ప్లేటు రేటు పన్నుతో కలిపా, విడిగానా అని అడగడం మరిచిపోకండి.

5. బస్సు, కార్లు, గదులు

గుంటూరు నుంచి ఖమ్మం రానుపోను 300 కిలోమీటర్ల పైచిలుకు. ప్రైవేటు బస్సు బిల్లు మాత్రం షెడ్డు నుంచి షెడ్డుకు లెక్క వేస్తారు, కాబట్టి షెడ్డు ఊరి అవతల ఉంటే ఆ దూరమూ కలుస్తుంది. దాని మీద వెయిటింగు, రాత్రి బత్తా, టోలు, పార్కింగు. అన్నిటికన్నా ముఖ్యంగా రెండు రాష్ట్రాల మధ్య పర్మిట్. బస్సుకు ఆంధ్రప్రదేశ్ పర్మిటే ఉంటే తెలంగాణలోకి రావడానికి తాత్కాలిక పర్మిట్, పన్ను కట్టాలి. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బస్సు అయితే ఆ బాధ లేదు. “పర్మిట్ మీదేనా, మాదా?” అన్న ఒక్క మాట బుకింగ్ రోజునే అడగాలి.

ముహూర్తం అయ్యేసరికి ఒంటిగంట, తిరుగు ప్రయాణం మూడింటికి. పొద్దున్నుంచి మెలకువగా ఉన్న డ్రైవర్‌తో ఆ బస్సు ఎక్కకూడదు. ఇద్దరు డ్రైవర్లకు డబ్బు కట్టండి, లేదా డ్రైవర్‌కు ఒక గది, ఒక మంచం ఇచ్చి సాయంత్రం పడుకోనివ్వండి. ఈ గది లెక్కలో ఉండాలి.

చుట్టాల గదుల్లో జారిపోయేవి రెండు: అదనపు పరుపులకు విడి చార్జీ, పన్నెండు గంటలకు ఖాళీ చేయాలన్న నియమం. మర్నాడు మధ్యాహ్నం రైలున్న వాళ్లను ఒకే గదిలోకి మార్చి మిగతావి ఖాళీ చేయిస్తే ఒక రోజు అద్దె మిగులుతుంది. స్టేషన్ నుంచి విడిదికి తిరిగే కారుకు ఫోన్ తీసే కుర్రాడొకడు కావాలి. వాడి పెట్రోలు, వాడి భోజనం కూడా రాసుకోండి.

6. బంగారం, బట్టలు

బంగారం ధర రోజూ మారుతుంది, అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది తరుగు. గ్రాముల్ని ఆ రోజు రేటుతో గుణించి బడ్జెట్‌లో వేస్తే తక్కువ పడుతుంది. బంగారం విలువ 100 రూపాయలనుకుంటే, తరుగు 14 శాతం కలిపి 114, దాని మీద 3 శాతం జీఎస్టీతో 117 రూపాయల 42 పైసలు. అంటే పది లక్షల బంగారానికి బిల్లు 11,74,200. రాళ్ల నగల్లో రాళ్ల బరువు తీసేసి బంగారం తూకం వేశారో లేదో, రాళ్లకు విడిగా ఎంత వేశారో చూడండి. పాత బంగారం మార్చేటప్పుడు కరిగించాక తగ్గే బరువును కూడా ముందే తగ్గించి రాసుకోండి. హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) ఉండాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. మంగళసూత్రాలు రెండువైపులా ఒక్కోటి, నల్లపూసలు, మెట్టెలు, అల్లుడి ఉంగరం: ఇవి పెద్ద నగల నీడలో పడి జాబితాలోకి ఎక్కవు.

చీర ధర చీర దగ్గర ఆగదు. ఫాల్, పీకో, కొంగుకు కుచ్చులు, జాకెట్టు కుట్టు, మగ్గం పని, పెళ్లిరోజుకు ముందే కుచ్చిళ్లు పెట్టించడం. 12,000 చీరకు 6,000 జాకెట్టు ఇప్పుడు మామూలైపోయింది. మగ్గం పనికి సీజన్‌లో నెల రోజులు ముందు ఇవ్వాలి. వారంలో కావాలంటే అర్జెంటు పేరుతో ఇంకో వెయ్యో రెండు వేలో. ఆరు చీరలు ఉంటే ఈ వరసే ఒక మంచి చీర ఖరీదు అవుతుంది.

చుట్టాలకు పెట్టే బట్టలు దంపతుల లెక్కన రాయండి. పాతిక జంటలంటే పాతిక చీరలు, పాతిక పంచెల చాపులో ప్యాంటు షర్టు గుడ్డలో. దాని మీద మూడు జతలు, పది జాకెట్టు గుడ్డలు అదనంగా పెట్టుకోండి. పిలవని మేనత్తగారి వియ్యపురాలు వస్తుంది, ఆవిడను ఉత్త చేతులతో పంపలేరు.

7. పిలుపులు, పూజ సామాను

శుభలేఖలు కుటుంబాల లెక్కన అచ్చు వేయించండి. 650 మందికి 250 కార్డులు ఎక్కువే. కార్డు కన్నా పంచడానికి ఎక్కువ అవుతుంది. ఊళ్లు తిరగడానికి పది రోజుల పెట్రోలు, దగ్గరి ఇళ్లకు బొట్టు పెట్టి ఇచ్చే పండ్లు, స్వీటు. దూరపు వాళ్లకు ఫోన్‌లో శుభలేఖ పంపి, మాట్లాడి పిలిస్తే చాలు.

పురోహితుణ్ణి సంభావన ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఆయనతో ఎంతమంది వస్తారు, సామాను ఎవరు తెస్తారు, స్నాతకం చేయించేది ఈయనేనా, వ్రతానికి విడిగా ఇవ్వాలా అని కూడా అడగండి. సామాను జాబితా పదిహేను రోజుల ముందే రాయించుకుని టోకు కొట్లో కొనండి. పెళ్లి సాయంత్రం పరుగెత్తి కొనేవి ఎప్పుడూ ఇవే: ఆవు నెయ్యి, సమిధలు, పేలాలు, అడ్డుతెర, బాసికాలు. అక్షింతలు మనిషికి 10 గ్రాములు పడ్డా 400 మందికి 4 కిలోల బియ్యం.

పూల విషయంలో ఒక మాట. పెద్ద ముహూర్తం రోజున మల్లె, గులాబీ ధరలు ఎక్కడికో పోతాయి. డెకరేటర్ ఒప్పందంలో మార్కెట్ రేటు అని ఉంటే ఆ భారం మీదే. మొత్తం ఒక అంకెకు మాట్లాడుకోండి. పూలజడ, దండలు, కారు అలంకరణ అందులోనే ఉన్నాయో లేదో చూడండి.

8. కవర్లు

చేతి ఖర్చు పెళ్లిలో బాగా పెద్దది, లెక్కకు అందనిది. దీనికి మందు కవర్లే. పెళ్లికి మూడు రోజుల ముందు కూర్చుని, గంటల కాగితంలోని చివరి గడి చూస్తూ ఒక్కో మనిషికి ఒక్కో కవరు కట్టండి. కవరు మీద పేరు, సమయం, మొత్తం రాయండి. సన్నాయి మేళానికి మిగిలిన డబ్బు, మాంగల్యధారణ అయ్యాక బహుమానం, విడిది వాచ్‌మన్, గది కుర్రాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్ల బత్తా, చాకలి, మంగలి, ఆడపడుచు గుమ్మం దగ్గర పేరు చెప్పించేటప్పుడు, మరదళ్లు చెప్పులు దాచినప్పుడు. చివరి రెండింటికీ పెళ్లికొడుకు జేబులో కవర్లు ముందే ఉంటే బేరం సరదాగా నడుస్తుంది, లేకపోతే స్నేహితుల దగ్గర చేబదులు.

116, 516, 1,116 అని కడతాం కాబట్టి చిల్లర కావాలి. బ్యాంకు నుంచి పది, యాభై, వంద కట్టలు, ఒక్క రూపాయి బిళ్లలు ఒక వంద వారం ముందే తెచ్చుకోండి. కవర్లన్నీ ఒక సంచిలో, సంచి ఒక్కరి భుజాన. ఆ ఒక్కరూ పెళ్లికూతురు తండ్రి కాకూడదు, ఆయన పీటల మీద ఉంటారు.

మిగిలిన పెద్ద మొత్తాలు ఫోన్‌లో పంపేద్దామనుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. యూపీఐలో వ్యక్తులకు పంపడానికి సాధారణంగా రోజుకు లక్ష రూపాయలే పరిమితి. క్యాటరింగ్, డెకరేషన్, ఫొటో బాకీలు ఒకే రాత్రి కట్టాలంటే కుదరదు. రెండు రోజుల ముందే కొంత పంపండి, లేదా ఇద్దరు ముగ్గురి ఖాతాల మీద పంచుకోండి. నగదు విషయంలోనూ హద్దు ఉంది: ఒకే వేడుక కోసం ఒకరి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా పుచ్చుకున్నవారికి పడుతుంది కాబట్టి పేరున్న హాళ్లు తీసుకోవు.

9. డబ్బు ఎక్కడిది, అదనం ఎంత

చిట్టీ నమ్ముకుంటే దాని విలువ కాకుండా చేతికొచ్చేది రాయండి. 5 లక్షల చిట్టీ పాట 20 శాతానికి పోతే వచ్చేది 4 లక్షలు. పాడుకున్నాక జామీనుదారుల కాగితాలకు వారాలు పడుతుంది, కాబట్టి పెళ్లికి రెండు నెలల ముందే పాడాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందు తీస్తే వడ్డీలో కోత, అప్పు తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు: అవీ పెళ్లి ఖర్చే. తెలంగాణలో అర్హులకు వచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు పెళ్లయ్యాకే చేతికొస్తుంది, దాన్ని హాలు బాకీకి లెక్క వేయకండి. చదివింపులూ అంతే. పైగా అవి మనం తిరిగి చదివించాల్సిన బాకీ, పుస్తకంలో పేరు పేరునా రాసుకోండి.

అదనానికి మొత్తం మీద పది శాతం వేసి ఊరుకోవడం నాకు నచ్చని పద్ధతి. రేటు కుదిరి రాతకోతలు అయిపోయిన వాటికి 2 శాతం చాలు. తలల లెక్కన పెరిగే భోజనాలు, నీళ్లు, తాంబూలం సంచులకు 15. ధర మారే బంగారానికీ, మొత్తానికి మాట్లాడని పూలకూ 10. ఇలా విడగొడితే డబ్బు అవసరమైన చోటే ఉంటుంది, లేకపోతే ఆ అదనం మొదటి నెలలోనే చీరల కొట్లో అయిపోతుంది.

10. పెళ్లయ్యాక

పుస్తకం అప్పగింతల దగ్గర మూసేయకండి. ఫొటోగ్రాఫర్ ఒప్పందంలో ఆల్బమ్‌కు ఎన్ని షీట్లు ఉన్నాయో చూడండి. దాటిన ప్రతి షీటుకూ డబ్బే, అత్తవారికి రెండో ఆల్బమ్‌కు డబ్బే, హార్డ్‌డిస్క్ మీరే కొనివ్వాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర, సాక్షులతో. వాళ్లను మళ్లీ రప్పించే బదులు ఊళ్లో ఉండగానే సంతకాల రోజు పెట్టుకోండి. అబ్బాయి విదేశంలో ఉంటే అమ్మాయి వీసాకు సర్టిఫికెట్, శుభలేఖ, పెళ్లి ఫొటోలు కావాలి. ఆల్బమ్‌కు నెలలు పడుతుంది కాబట్టి ముప్పై ప్రింట్లు రెండు రోజుల్లో ఇవ్వాలని ముందే మాట్లాడండి. పట్టుచీరల డ్రైక్లీనింగు, లాకరు అద్దె చిన్నవే, కానీ ఉన్నాయి.

ఆ తర్వాత వ్రతం, మనుగుడుపులు, తెలంగాణ ఇళ్లలో ఒడిబియ్యం, ఆషాఢం, శ్రావణంలో మంగళగౌరి నోము, మొదటి సంక్రాంతికి అల్లుడి బట్టలు. పెళ్లి వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో అయితే నెలా రెండు నెలల్లోనే ఆషాఢం వస్తుంది, అప్పటికి చేతిలో ఏమీ ఉండదు. వీటికి విడిగా ఒక ఖాతాలో డబ్బు పెట్టి పెళ్లి వారంలో దాని జోలికి పోకండి.

సారె లెక్క బరువుతో మొదలుపెట్టకండి, ఇళ్లతో మొదలుపెట్టండి. వియ్యపురాలికి ఫోన్ చేసి “వదినగారూ, ఎన్ని ఇళ్లకు పంచుతారు?” అని అడగండి. నలభై ఇళ్లంటే, ఇంటికి నాలుగు లడ్డూల చొప్పున 160. కిలోకు పాతిక వేసుకుంటే ఆరున్నర కిలోలు, విరిగేవాటికి ఇంకో అరకిలో. అరిసెలు ఇంటికి రెండు, 80. చలిమిడికి బియ్యం ముందు రోజు రాత్రే నానబోయాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పట్టే మనిషికీ, సారె మోసుకెళ్లే కారుకూ కూడా ఆ పేజీలోనే రెండు వరసలు ఉంచండి.